ఎంపీ సంతకం ఎందాకా పోతుంది?

గత కార్తీకంలో వరుసగా మూడు రోజులు వాన పట్టింది. మా తిరుపతి, చిత్తూరు వైపు రైలు కట్ట కింద ఉన్న అండర్ బ్రిడ్జి ఎప్పటిలాగే నిండిపోయింది. పాలక్యాన్లు కట్టుకున్న టీవీఎస్ బండ్లు ఇవతల ఆగిపోయాయి, స్కూలు ఆటో అవతల ఆగిపోయింది. పిల్లలు సంచులు వీపున వేసుకుని పట్టాల మీదుగా దాటుతుంటే, ఇద్దరు పెద్దవాళ్ళు రైలొస్తుందేమోనని అటొకరు ఇటొకరు కాపలా నిలబడ్డారు. ఒకప్పుడు అక్కడ గేటు ఉండేది. గేటు తీసేసి, కట్ట తవ్వి, కింద దారి వేశారు. రైలు కోసం ఆగే బాధ పోయింది, వాన కోసం ఆగే బాధ వచ్చింది.

టీ అంగడి దగ్గర చేరిన ఏడెనిమిది మందిలో ఒక పెద్దాయన, "ఎంపీ అనేటోడు యాడుండాడు సామీ? ఓట్లప్పుడు వచ్చినాడు, మళ్ళా కనపడ్లే" అన్నాడు. డిగ్రీ చదివే కుర్రాడొకడు ఫోన్లోంచి తలెత్తకుండానే, "ఎంపీ ఏం చేస్తాడు తాతా, ఇది సర్పంచిని అడగాల" అన్నాడు. పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ అంగడాయన, "సర్పంచి కాడ ఏముందప్పా, ఎమ్మెల్యే తలుచుకోవాల" అని తేల్చేశాడు.

ముగ్గురూ తలో ముక్కా సరిగ్గానే చెప్పారు. పట్టాల కింది గోడలూ స్లాబూ రైల్వేవి, అంటే ఢిల్లీవి. అక్కడి నుంచి ఊళ్ళోకి పోయే తారు రోడ్డు రాష్ట్రానిది. నీళ్ళు పోయి పడాల్సిన కాలువ పంచాయతీది, అదీ కొంత దూరమే, ఆ తర్వాత ఎవరిదో చేను. ముగ్గురి పని ఉన్నచోట ముగ్గురూ పక్కవాళ్ళ వైపు చెయ్యి చూపించడం సులువు. సర్పంచి ఏం చేయాలో ఊళ్ళో అందరికీ తెలుసు, ఎమ్మెల్యే ఏం చేయాలో చాలామందికి తెలుసు. ఎంపీ దగ్గరికి వచ్చేసరికే మనకు లెక్క తప్పుతుంది. పెళ్ళికి వచ్చాడా, చావుకు వచ్చాడా, హైమాస్ట్ లైటు వేయించాడా అని చూస్తాం. ఆయన ఒక్కడే చేయగలిగిన పని ఇంకొకటుంది, దాన్ని మాత్రం ఎవరూ అడగరు.

మీ ఎంపీ ఎవరు?

ముందు ఇక్కడే చిక్కు. తిరుపతి రూరల్ మండలంలో అపార్ట్‌మెంటు కొనుక్కుని, తిరుపతిలో ఉద్యోగం చేస్తూ, తిరుపతి ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ బతికే మనిషి ఓటు తిరుపతి ఎంపీకి పడదు. తిరుపతి రూరల్ ఉన్నది చంద్రగిరి అసెంబ్లీలో, చంద్రగిరి ఉన్నది చిత్తూరు లోక్‌సభ స్థానంలో. పాకాల, రామచంద్రాపురం వాళ్ళదీ అంతే. పుత్తూరు, వడమాలపేట జనం జిల్లా పనులకు తిరుపతి పోతారు, నగరి అసెంబ్లీ కాబట్టి ఎంపీ ఓటు మాత్రం చిత్తూరుకు వేస్తారు. అటు నెల్లూరు జిల్లా సర్వేపల్లి వాళ్ళు ఓటేసేది తిరుపతి ఎంపీకి. పుంగనూరు వాళ్ళ ఓటు రాజంపేటకు పోతుంది.

కారణం మరీ గహనమేమీ కాదు. లోక్‌సభ స్థానాల గీతలు 2008 నాటి పునర్విభజనలో గీసినవి. చిత్తూరు ఎస్సీ రిజర్వుడు స్థానం అయింది కూడా ఆ పునర్విభజనతోనే, 2009 ఎన్నికల నుంచి. తిరుపతి జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. పార్లమెంటు స్థానాల ప్రాతిపదికన కొత్త జిల్లాలు చేస్తామన్నా, చంద్రగిరిని తిరుపతి నుంచి విడదీయడం కుదిరే పని కాదు గదా. అందుకని అక్కడ గీత వంకర తిరిగింది.

ఓటరుకు ఇది తమాషాగా ఉంటుంది గానీ ఎంపీకి తలనొప్పి. చిత్తూరు ఎంపీ ఇద్దరు కలెక్టర్లతో పని చేయించుకోవాలి. ఆయన స్థానంలో కుప్పం ఒక మూల, చంద్రగిరి ఇంకో మూల, మధ్య 150 కిలోమీటర్ల పైమాటే. పాకాల రైల్వే సంగతి ఒక జోన్‌తో మాట్లాడితే, కుప్పం స్టేషన్ సంగతి హుబ్బళ్ళి కేంద్రంగా ఉన్న నైరుతి రైల్వేతో మాట్లాడాలి. ఓటర్లు 15 లక్షలు దాటారు. వీళ్ళందరి అర్జీలు చూసుకోవడానికి ఆఫీసు ఖర్చుల కింద ఆయనకు నెలకు వచ్చేది 75,000 రూపాయలు, 2025 మార్చిలో పెంచిన తర్వాతి లెక్క ఇది. జీతం 1,24,000, నియోజకవర్గ భత్యం 87,000 దానికి వేరే. అందుకే ఊళ్ళోవాళ్ళకు ఎంపీ అంటే ఆచరణలో ఎంపీ గారి పీఏ. పీఏ చురుకైనవాడైతే ఎంపీ మంచోడు అంటారు. ఇందులో వెక్కిరింత ఏమీ లేదు, నేను చూసినంతలో ఇది నిజం.

ఏడుగా పంచితే 5 కోట్లు

"ఎంపీకి ఏడాదికి 5 కోట్లు వస్తాయంట గదా, మన బ్రిడ్జికి ఒక కోటి పడేయొచ్చు గదా" అనే మాట ప్రతి రచ్చబండ మీదా వినపడుతుంది. ఎంపీ తన నియోజకవర్గంలో పనులకు వాడుకునే ఈ నిధి పథకం పేరు ఎంపీ ల్యాడ్స్, 1993 డిసెంబరులో మొదలైంది. మొదట ఏడాదికి 5 లక్షలు, తర్వాత కోటి, 1998 నుంచి 2 కోట్లు, 2011 నుంచి 5 కోట్లు. కోవిడ్ కాలంలో కొన్నాళ్ళు ఆపేశారు కూడా.

5 కోట్లు వినడానికి పెద్దగానే ఉంటుంది. చిత్తూరు లోక్‌సభలో ఏడు అసెంబ్లీలు. సమానంగా పంచితే ఒక్కో అసెంబ్లీకి 71 లక్షల చిల్లర. అసెంబ్లీకి ఐదారు మండలాలు అనుకుంటే మండలానికి పన్నెండు, పధ్నాలుగు లక్షలు. దాంట్లో రెండు మూడు సీసీ రోడ్లు పడతాయి, లేదా ఒక సామాజిక భవనం లేస్తుంది. అంతే. పైగా ఏటా 15 శాతం ఎస్సీలు ఉండే ప్రాంతాలకు, 7.5 శాతం ఎస్టీలు ఉండే ప్రాంతాలకు కేటాయించాలి.

ఇంకో సంగతి, ఈ డబ్బు ఎంపీ చేతికి రాదు. ఆయన పని సిఫార్సు చేయడం. దాన్ని పరిశీలించి, నిబంధనలకు లోబడి ఉంటే మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం, అంటే కలెక్టర్. పని చేయించేది పంచాయతీరాజ్ శాఖో, ఆర్ అండ్ బీ శాఖో. 2023 ఏప్రిల్ నుంచి సిఫార్సు దగ్గర నుంచి బిల్లు దాకా అంతా ఆన్‌లైన్ పోర్టల్ మీదే నడుస్తోంది. సిఫార్సు అందిన 45 రోజుల్లో మంజూరు చేయాలని రూలు. స్థలం తగాదా ఉంటే, ఎస్టిమేట్ సరిగ్గా లేకపోతే ఆ ఫైలు పక్కకు పోతుంది. ఎంపీ మాట తప్పాడని ఊళ్ళో అనుకునే చాలా పనులు ఇలా పక్కకు పోయిన ఫైళ్ళే.

మన జిల్లాలకు బాగా తగిలే నిబంధన మరొకటుంది. గుడి, మసీదు, చర్చి ఆవరణలో గానీ, మత సంస్థల స్థలంలో గానీ ఈ డబ్బుతో పని చేయకూడదు. ఎంపీ దగ్గరికి పోయేవాళ్ళలో ప్రతి ఊరి బృందమూ "మా రామాలయానికి ప్రహరీ" అనే మొదలుపెడుతుంది. ఆయన "చూద్దాం" అంటాడు. "కుదరదు" అంటే ఓటు పోతుందని భయం. ఆ "చూద్దాం" మీద ఊరు రెండేళ్ళు బతుకుతుంది. సొంత ఆస్తులకు, స్థలం కొనడానికి కూడా ఈ నిధి పనికిరాదు.

హైమాస్ట్ లైట్లు, బస్ షెల్టర్లు ఎందుకన్ని కనిపిస్తాయో ఇప్పుడు అర్థమవుతుంది. స్థలం గొడవ ఉండదు, తొందరగా అయిపోతాయి, రాత్రిపూట దూరం నుంచి కనపడతాయి. నీళ్ళు పోయే కాలువ ఎవరికి కనపడుతుంది?

దిశ అనే గది

జిల్లాలో ఎంపీకి ఉన్న అసలు కుర్చీ వేరే ఉంది. దిశ అని, జిల్లా అభివృద్ధి సమన్వయ, పర్యవేక్షణ కమిటీ. 2016లో పెట్టారు. చైర్మన్ ఎంపీ, సభ్య కార్యదర్శి కలెక్టర్, ఎమ్మెల్యేలు సభ్యులు. మూడు నెలలకోసారి కూర్చోవాలి. కేంద్రం డబ్బు పెట్టే ఉపాధి పనులు, గ్రామీణ రోడ్లు, ఇళ్ళు, ఇంటింటికీ కుళాయి, ఆరోగ్య మిషన్ ఇవన్నీ అక్కడ చర్చకు వస్తాయి.

ఈ కమిటీకి పైసా మంజూరు చేసే అధికారం లేదు. అందుకే చాలామంది దాన్ని తేలిగ్గా తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. జిల్లా అధికారులందరూ ఒకే గదిలో, ఒకే రోజు, ఎదురెదురుగా కూర్చునే సందర్భాలు తక్కువ. మన అండర్ బ్రిడ్జి లాంటి గొడవలకు కావాల్సింది అదే. రోడ్డు ఇంజనీరు "కాలువ మాది కాదు" అన్నప్పుడు పక్క కుర్చీలో పంచాయతీ అధికారి ఉంటే ఆ మాట అక్కడికక్కడే తేలిపోతుంది. విడివిడిగా అడిగితే రెండు ఆఫీసుల మధ్య ఆరు నెలలు ఉత్తరాలు తిరుగుతాయి. ఇది నడవాలంటే చైర్మన్ కుర్చీలో కూర్చున్నాయన ముందు రోజు రాత్రి కాగితాలు చదువుకుని రావాలి. చదవకుండా వస్తే అధికారులు నివేదిక చదువుతారు, అందరూ జీడిపప్పు తింటారు, మర్నాడు పేపర్లో ఫోటో వస్తుంది.

లెటర్‌హెడ్ గురించి కూడా ఒక మాట. తిరుపతి చుట్టుపక్కల ఎంపీ దగ్గరికి ఎక్కువమంది పోయేది రోడ్డు కోసమో పింఛను కోసమో కాదు, కొండ మీద బ్రేక్ దర్శనానికి సిఫార్సు ఉత్తరం కోసం. చెన్నైలో ఉన్న బావమరిది వాళ్ళ బాసు, బెంగళూరు డాక్టరు గారి కుటుంబం, ఇట్లా. నియోజకవర్గానికీ చట్టసభకూ రెంటికీ సంబంధం లేని పని ఇది. అయినా పొద్దున్నే వచ్చే జనంలో సగం మంది అదే అడిగితే, కాలువ సంగతి చెప్పడానికి వచ్చినవాడు వెనక నిలబడతాడు. పిల్లలకు కేంద్రీయ విద్యాలయంలో సీటు కోసం కూడా ఇదివరకు ఇంత రద్దీ ఉండేది. ఒక్కో ఎంపీకి ఏడాదికి 10 సీట్ల కోటా ఉండేది, 2022లో ఎత్తేశారు. ఆ రోజు చాలామంది ఎంపీలు లోపల్లోపల ఊపిరి పీల్చుకుని ఉంటారని నా అనుమానం. పదిమందికి ఇచ్చి వెయ్యిమంది చేత తిట్లు తినే బాధ తప్పింది.

ఢిల్లీలో 250 మాటలు

ఇక ఎంపీ మాత్రమే చేయగలిగిన పని. పార్లమెంటు ఏడాదికి మూడుసార్లు కూర్చుంటుంది: బడ్జెట్, వర్షాకాలం, శీతాకాలం. అన్నీ కలిపినా ఈమధ్య 70 రోజులు దాటడం అరుదు. ఆ రోజుల్లో 543 మంది లోక్‌సభ సభ్యులకు దొరికే సమయం గోరంత. మన రాష్ట్రానికి 25 మంది, మన ఊరికి ఒకరు.

టీవీలో మనం చూసేది మైకు ముందు గట్టిగా మాట్లాడే ఎంపీని. మన వైపు నుంచి ఇందులో పేరు పడ్డవాడు ఎన్. శివప్రసాద్. డాక్టరు, నటుడు, 2009లో, 2014లో చిత్తూరు నుంచి గెలిచాడు. 2018లో ప్రత్యేక హోదా కోసం పార్లమెంటు ఆవరణలో రోజుకో వేషం వేసుకుని వచ్చేవాడు, నారదుడి దగ్గర నుంచి హిట్లర్ దాకా. దేశమంతా ఆ ఫోటోలు చూసింది. చిత్తూరు పేరు ఢిల్లీ పేపర్లలో అన్నిసార్లు పడింది అప్పుడే అనుకుంటా. దాన్ని నవ్వి తీసేయనక్కర్లేదు, నిరసన చేయడమూ ఎంపీ పనే. కాకపోతే సభ బయట వేసిన వేషానికి మంత్రి జవాబు చెప్పాల్సిన పనిలేదు. సభలో వేసిన ప్రశ్నకు చెప్పి తీరాలి.

ప్రశ్నలు రెండు రకాలు. నక్షత్రం గుర్తు ఉన్నదానికి మంత్రి లేచి నిలబడి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. రోజుకు 20 ప్రశ్నలు జాబితాలో ఉంటాయి, 11 నుంచి 12 దాకా ఉండే ఆ గంటలో ఏ ఐదారుకో వంతు వస్తుంది. సభలో గొడవ జరిగితే అదీ లేదు. గుర్తు లేని ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు వస్తుంది, లోక్‌సభలో రోజుకు 230. సభ వాయిదా పడినా ఆ జవాబు ఆగదు. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఎక్కువ వస్తే లాటరీ తీస్తారు.

పేరు లేని కూలీలాంటి ఈ రెండో రకం ప్రశ్నే పల్లెటూరి ఎంపీకి పదునైన కత్తి అని నా నమ్మకం. కానీ పదును ఎంపీలో ఉండాలి. మన బ్రిడ్జి సంగతే తీసుకుందాం. "తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో రైల్వే అండర్ బ్రిడ్జిల కింద నీళ్ళు నిలుస్తున్న విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చిందా?" అని అడిగితే ఏం జవాబు వస్తుందో ఊహించవచ్చు. నీళ్ళు తోడే ఏర్పాట్లు ఎప్పటికప్పుడు చేస్తున్నాం, ఇది నిరంతర ప్రక్రియ. అయిపోయింది. జవాబిచ్చిన ఆఫీసరు టీకి పోతాడు.

అదే ప్రశ్నను విడగొట్టి అడగొచ్చు. తిరుపతి, పాకాల, కాట్పాడి మార్గంలో అండర్ బ్రిడ్జిలు ఎన్ని? గత మూడేళ్ళలో నీళ్ళు నిలిచి దారి మూసేసినవి ఏవేవి, నంబర్లతో సహా? ఆ మార్గంలో రెండో లైను వేసే పనికి తయారైన ఎస్టిమేట్‌లో ఈ బ్రిడ్జిల డ్రైనేజీ ఉందా? ఉంటే ఎంత, లేకపోతే ఎందుకు లేదు? ఇలా అడిగితే సంఖ్యలు రాయక తప్పదు. రాసిన సంఖ్య రికార్డులో ఉంటుంది, పార్లమెంటు వెబ్‌సైట్లో ఎవరైనా తీసి చూసుకోవచ్చు.

పై ప్రశ్నలో రెండో లైను మాట ఊరికే పెట్టలేదు. తిరుపతి, పాకాల, కాట్పాడి మధ్య 104 కిలోమీటర్ల డబ్లింగ్‌కు కేంద్ర కేబినెట్ 2025 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది, అంచనా 1,332 కోట్లు. ఇప్పుడున్న పట్టాల పక్కనే ఇంకో వరస పడితే అండర్ బ్రిడ్జిలు పొడవవుతాయి. కాలువకు వాటంగా దారి చూపించాల్సింది డ్రాయింగు బల్ల మీద ఉన్నప్పుడే. కాంక్రీటు పోశాక ఎవరు మొత్తుకున్నా మోటారు పెట్టి నీళ్ళు తోడటమే మిగులుతుంది. ఎంపీ పనిలో అదనెరిగి అడగడం సగం.

జీరో అవర్ అని ఇంకొకటి ఉంది, ప్రశ్నల గంట తర్వాత. అత్యవసర విషయం రెండు మూడు నిమిషాల్లో చెప్పొచ్చు. మంత్రి స్పందించాలన్న కట్టడి లేదు. 377 నిబంధన కింద 250 మాటలకు మించకుండా రాసిన విషయాన్ని సభ ముందు పెట్టొచ్చు, సంబంధిత మంత్రిత్వ శాఖ నుంచి తర్వాత ఉత్తరం వస్తుంది. 250 మాటల్లో మన బ్రిడ్జి పడుతుంది, మామిడి పడుతుంది, హాస్పిటల్ పడుతుంది, ఒక్కోసారి ఒక్కొక్కటి మాత్రమే.

వీటన్నిటికంటే తక్కువమందికి తెలిసినది హామీల కమిటీ. సభలో మంత్రి "పరిశీలిస్తాం", "సమాచారం సేకరిస్తున్నాం" అన్నాడనుకోండి, మనం దాన్ని తప్పించుకునే మాట అనుకుంటాం. లోక్‌సభ అలా అనుకోదు. అలాంటి మాటలకు ఒక జాబితా ఉంది. ఆ మాట వాడితే అది హామీ కిందికి వస్తుంది, మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేర్చకపోతే 15 మంది సభ్యుల కమిటీ ఆ శాఖను పిలిచి అడుగుతుంది. శాఖలు గడువు పొడిగించమని అడుగుతూనే ఉంటాయి, అది వేరే కథ. కానీ పొడిగింపు అడగాలన్నా ఫైలు తెరవాలి గదా. తన ప్రశ్నకు వచ్చిన జవాబులో ఆ మాట పడిందా లేదా అని చూసుకునే ఎంపీకి, జవాబు కాగితం ఫేస్‌బుక్‌లో పెట్టి ఊరుకునే ఎంపీకి తేడా ఇక్కడ కనపడుతుంది.

స్థాయీ సంఘాలు అని 24 ఉన్నాయి, ఒక్కోదానిలో 31 మంది. రైల్వేకొకటి, వ్యవసాయానికొకటి, ఇలా. బడ్జెట్‌లో శాఖలు అడిగిన డబ్బును అక్కడ గీసి గీసి చూస్తారు. కెమెరాలు ఉండవు, ఇలాగే ఓటేయాలని పార్టీ ఇచ్చే ఆదేశం, అంటే విప్ ఉండదు, అందుకని పార్టీలకు అతీతంగా మాట్లాడుకుంటారు. సభలో మాత్రం విప్ జారీ అయిన ఓటింగులో పార్టీ మాట దాటితే, 1985లో ఫిరాయింపులు ఆపడానికి రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు ప్రకారం సభ్యత్వమే పోవచ్చు. సొంతంగా బిల్లు పెట్టుకోవచ్చు గానీ, స్వాతంత్ర్యం వచ్చాక అలాంటి ప్రైవేటు బిల్లులు చట్టమైనవి 14 మాత్రమే, చివరిది 1970లో. చట్టం చేసే సభ అంటారు గానీ మామూలు ఎంపీ సొంతంగా చట్టం చేయడమనేది అర్ధశతాబ్దం కింద ఆగిపోయింది.

అలాగని చట్టంలోని వాక్యం ఊరికే పోతుందా అంటే అదీ కాదు. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో ఐఐటీ, సైన్సు చదువులకూ పరిశోధనకూ ఉండే ఐసర్ అని రాశారు. 2015లో రెండూ తిరుపతిలో మొదలయ్యాయి, ఇప్పుడు ఏర్పేడు వైపు పోతే భవనాలు కనపడతాయి. అదే షెడ్యూలులో దుగరాజపట్నంలో పెద్ద ఓడరేవు, మొదటి దశ 2018 చివరికి అని కూడా రాశారు. అదీ తిరుపతి లోక్‌సభ స్థానంలోదే. 2018 వచ్చింది, పోయింది, ఓడ రాలేదు. ఒకే చట్టం, ఒకే షెడ్యూలు, ఒకే ఎంపీ స్థానం. రాసినదాన్ని వెంటపడి తెచ్చుకోవడం రాయించుకోవడానికి ఏమీ తీసిపోని పని.

సభను నడిపిన మనిషి కూడా మన దగ్గరివాడే. తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ 1952లో తిరుపతి నుంచి, ఆ తర్వాత చిత్తూరు నుంచి గెలిచి, 1956 నుంచి 1962 దాకా లోక్‌సభ స్పీకర్‌గా ఉన్నాడు. 1962లో ఆయన బీహార్ గవర్నరుగా పోతే, ఉప ఎన్నికలో చిత్తూరు నుంచి రైతు నాయకుడు ఎన్.జి. రంగా వెళ్ళాడు.

తోతాపురి పాఠం

రాష్ట్రం, కేంద్రం, ఎంపీ ఎక్కడ కలుస్తారో, ఎక్కడ ఒకరి కాళ్ళకు ఒకరు అడ్డం పడతారో తెలియాలంటే 2025 వేసవి మామిడి చూడాలి. చిత్తూరు జిల్లాలో తోతాపురి విరగ్గాసింది. గుజ్జు ఫ్యాక్టరీల్లో పాత సరుకు మిగిలిపోయింది, కొనేవాడు లేడు. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి, కాయ ట్రాలీలోనే మెత్తబడిపోయింది. రాష్ట్ర ప్రభుత్వం కిలో 12 రూపాయలని తేల్చింది: 8 ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 ప్రభుత్వం ఇస్తుంది. కర్ణాటక కాయ రాకుండా సరిహద్దులో ఆపారు, దాని మీద రెండు రాష్ట్రాల మధ్య ఉత్తరాలు నడిచాయి.

అప్పుడు రైతులంతా ఎంపీని అడిగిన మాట, "వరికి ఉన్నట్టు మామిడికి మద్దతు ధర పెట్టించొచ్చు గదా?" కేంద్రం ప్రకటించే కనీస మద్దతు ధరల జాబితాలో మామిడి లేదు. త్వరగా పాడైపోయే ఇలాంటి పంటలకు మార్కెట్ జోక్య పథకం అని వేరే ఉంది. మామూలు ధర కంటే కనీసం 10 శాతం పడిపోవాలి, రాష్ట్ర ప్రభుత్వం అడగాలి, భారం చెరి సగం. ఇందులో అసలు మెలిక "రాష్ట్ర ప్రభుత్వం అడగాలి" అన్నదే. ఎంపీ ఎన్నిసార్లు వ్యవసాయ మంత్రి గది తలుపు తట్టినా, రాష్ట్రం నుంచి ప్రతిపాదన పోకపోతే ఆ మంత్రి సంతకం చేయడానికి కాగితమే ఉండదు. పోయాక, అది టేబుళ్ళ మీద నానకుండా చూడటంలో ఎంపీ పనికొస్తాడు. ఆ జూలైలో కేంద్రం ఆమోదం వచ్చింది, క్వింటాలుకు 1,490 రూపాయల 73 పైసల లెక్కన. అప్పటికి చాలా తోటల్లో కాయ కోత సగం అయిపోయింది.

మామిడి గుజ్జు మీద పన్ను ఎంతుండాలన్నది ఇంకో చోట తేలుతుంది, జీఎస్టీ కౌన్సిల్లో. అక్కడ కేంద్ర ఆర్థిక మంత్రి, రాష్ట్రాల మంత్రులు కూర్చుంటారు. మామూలు ఎంపీకి అక్కడ కుర్చీ లేదు. తోట మన ఊళ్ళో, ఫ్యాక్టరీ పక్క మండలంలో, ధర తేలేది మూడు నాలుగు గదుల్లో. ఏ గది తాళం ఎవరి దగ్గరుందో తెలియని రైతు అందరినీ ఒకే తిట్టు తిడతాడు. తప్పు పట్టలేం. కానీ ఆ అయోమయం చాటున దాక్కునే ఎంపీలు కూడా ఉంటారు. రాష్ట్రం పని అడిగితే "అది ఎమ్మెల్యేది" అంటారు, కేంద్రం పని అడిగితే "ఉత్తరం రాశాను" అంటారు. ఉత్తరం రాశానన్నప్పుడు దాని కాపీ చూపించమనండి, దానికి వచ్చిన జవాబు కూడా చూపించమనండి.

ఇంకో దారి కూడా ఉంది, దాన్ని వాడుకున్న ఊరు మా చుట్టుపక్కల నాకు కనపడలేదు. లోక్‌సభకు మామూలు పౌరుడే పిటిషన్ పెట్టుకోవచ్చు. దాని మీద ఒక ఎంపీ కౌంటర్ సంతకం చేసి సభలో సమర్పించాలి. ఆ తర్వాత పిటిషన్ల కమిటీ చూస్తుంది. ఎంపీ నిధులు అక్కర్లేదు, ఉపన్యాసం అక్కర్లేదు, సంతకం చాలు.

టీ అంగడి దగ్గర ఇంత చెప్పలేదు నేను, అంత ఓపిక ఎవరికుంటుంది. అర్జీ రాద్దాం అనుకున్నాం, ఒకటి ఎంపీకి, నకళ్ళు కలెక్టరుకు, ఎమ్మెల్యేకు, పంచాయతీకి. నోట్‌బుక్కులో కాగితం చింపి కుర్రాడు పెన్ను పట్టుకున్నాడు. "మా ఊరి అండర్ బ్రిడ్జి" అని మొదలుపెట్టగానే నేను ఆపాను. రైల్వేకు మా ఊరు తెలియదు, బ్రిడ్జి నంబరే తెలుసు. గోడ మీద రంగుతో రాసి ఉంటుంది.

"నంబరెంత?" అన్నాను. అన్నేళ్ళుగా దాని కింద నుంచి పోతున్న ఎనిమిది మందిమీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "నంబరు కూడా ఉంటాదా దానికి?" అన్నాడు పెద్దాయన.

కుర్రాడు ప్యాంటు మోకాళ్ళ పైకి మడుచుకుని వానలోనే వెళ్ళాడు. పది నిమిషాలకు తడిసి ముద్దై వచ్చి, ఫోన్ చొక్కాకు తుడిచి, ఫోటో చూపించాడు. నాచు పట్టిన గోడ, పైన తెల్ల రంగులో అంకెలు. అంగడాయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అంకే పైకి చదివాడు. అర్జీ మొదటి వరుసలో అదే రాశాం.